ఏఐ మన తఖ్దీర్ కాదు, సేఠ్ గారి హిసాబ్

ఏఐ గురించి మన ఇళ్లల్లో ఇప్పుడు మూడు మాటలు తిరుగుతున్నాయి. వలీమా దావత్‌లో దస్తర్‌ఖాన్ ముందు ఒకటి, జుమా నమాజ్ అయ్యాక మసీదు మెట్ల మీద ఒకటి, ఇంటర్ పాసైన బేటాకి ఏ కోర్సు ఇప్పించాలని అబ్బా ఆరా తీసేటప్పుడు ఒకటి.

మొదటి మాట: "మనకేం కాదు భాయ్. మనవన్నీ చేతి పనులు. కంప్యూటర్ వచ్చి పంక్చర్ వేస్తుందా, షేర్వానీ కుడుతుందా?"

రెండో మాట: "రిజ్క్ ఇచ్చేది పైవాడు. ఎవరి దానా ఎక్కడ రాసి ఉంటే అక్కడే దొరుకుతుంది. ఫికర్ దేనికి?"

మూడో మాట: "మూడు నెలల ఏఐ కోర్సు చేయించండి. లక్షల జీతం. సీట్లు తక్కువున్నాయి, జల్దీ చేయండి."

మూడూ గలత్. మొదటిది గఫ్లత్. రెండోది తవక్కుల్ పేరు పెట్టుకున్న బద్ధకం. మూడోది సీదా సీదా తిజారత్. ఈ మూడు మాటలూ కలిసి అసలు సవాల్‌ని దాచేస్తున్నాయి. సవాల్ అంటే ఉర్దూలో ప్రశ్న, తెలుగులో ఛాలెంజ్. ఇక్కడ రెండు అర్థాలూ సరిపోతాయి. మెషీన్ వల్ల మిగిలే పైసా ఎవరి జేబులోకి పోతోంది? మెషీన్ చేసిన తప్పుకి జవాబ్‌దార్ ఎవరు? ఈ రెండూ అడగనంత కాలం మనం ఏఐ గురించి ఎంత మాట్లాడినా అది గప్‌షప్పే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను మెషీన్‌కి దుష్మన్‌ని కాదు. నేనూ వాడతాను. ఇంగ్లిష్‌లో అర్జీ రాయడం రాని చిన్న దుకాణదారుకి అది నిమిషంలో రాసిపెడుతోంది. ఉర్దూ మీడియం పిల్లాడు సిగ్గుపడకుండా పదిసార్లు ఒకే డౌట్ అడగగలిగే ఉస్తాద్ అది. ఆ ఫాయిదాని కాదనేవాడు అబద్ధం చెబుతున్నట్టే. నా జగడా మెషీన్‌తో కాదు. దాన్ని అడ్డం పెట్టుకుని హిసాబ్ చెప్పకుండా తప్పించుకునేవాళ్లతో.

"మనకేం కాదు" అనే భాయీలకి

2006లో వచ్చిన సచ్చర్ కమిటీ రిపోర్టు మనలో చాలామంది ఇళ్లల్లో పేరుకే తెలుసు. అందులో ఒక లెక్క ఉంది. పనిచేసే ముస్లింలలో దాదాపు 61 శాతం సొంత పనుల మీద బతికేవాళ్లు. హిందువుల్లో అది దాదాపు 55 శాతం. సొంత పని అనగానే షోరూమ్ అనుకోకండి. ఠేలా బండి, కుట్టు మిషన్, వెల్డింగ్, ఆటో. పీఎఫ్ లేదు, సెలవు లేదు, ఒంట్లో బాగాలేని రోజు రోజీ లేదు. అదే రిపోర్టులో ఇంకో లెక్క: 20 ఏళ్లు దాటిన ముస్లింలలో డిగ్రీ లేదా డిప్లొమా ఉన్నవాళ్లు 4 శాతం కంటే తక్కువ.

ఆ మరుసటి ఏడాది, 2007లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లింలకి 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. కోర్టుల్లో నలిగినా నిలబడింది. దాని పుణ్యాన బీటెక్, బీకామ్, ఎంబీఏ చదివిన పిల్లలు మన గల్లీల్లో కనబడ్డం మొదలైంది. ఖాన్‌దాన్ మొత్తంలో ఒకటో తారీఖున జీతం అకౌంట్లో పడిన మొదటి మనిషి ఈ తరంవాడే. చాలా ఇళ్లల్లో మనిషి కూడా కాదు, బేటీ.

ఆ పిల్లలు ఎక్కడ చేరారు? కంపెనీ పై అంతస్తుల్లో కాదు. కస్టమర్ కేర్, డేటా ఎంట్రీ, బిల్లింగ్, మెడికల్ కోడింగ్, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అనువాదాలు. పొద్దున్నే టోలీచౌకీ నుంచి, మెహదీపట్నం నుంచి హైటెక్ సిటీ వైపు వెళ్లే బస్సుల్లో బుర్ఖా మీద ఐడీ కార్డు వేసుకుని నిలబడే అమ్మాయిల్ని చూడండి. వాళ్లెక్కింది నిచ్చెన కింది మెట్టు. ఏఐ ముందుగా చేయి పెడుతున్నదీ ఆ మెట్టు మీదే. పదేళ్ల అనుభవం ఉన్న సీనియర్ ఇప్పుడు ముగ్గురు జూనియర్ల పని మెషీన్‌తో చేయించుకోగలడు. అంటే పైన ఉన్నవాడు వెంటనే కింద పడడు. కింద ఉన్నవాడికి ఎక్కే దారే పోతుంది.

ఇందులో ఇంకో మర్మం ఉంది. కంపెనీ వందమందిని తీసేస్తే ఖబర్ అవుతుంది. వందమందిని తీసుకోకపోతే ఖబర్ కాదు. ఆ ఏడాది క్యాంపస్‌కి ఎవరూ రాలేదంతే. పిల్లవాడు ఇంట్లో కూర్చుంటాడు. అమ్మీ "నసీబ్" అంటుంది. నసీబ్ అని మనం అనుకున్నదాన్ని ఏదో మీటింగ్‌లో ఎవరో ఫైస్లా చేశారు.

ఇక పంక్చర్, షేర్వానీ సంగతి. మెషీన్ షేర్వానీ కుట్టదు, నిజమే. షేర్వానీ కుట్టించుకునేవాడి జీతం పోతే టైలర్ చాచా దుకాణం ముందు ఎవరు నిలబడతారు? క్యాబ్ నడిపేవాళ్లని, డెలివరీ చేసేవాళ్లని అడగండి. వాళ్లకి ఏఐ రేపో మాపో రాబోయే ముచ్చట కాదు. ఏ ట్రిప్పు ఎవరికి ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో ఇప్పటికే మెషీన్ చెబుతోంది. ఒక పొద్దున లేచి చూస్తే ఐడీ బ్లాక్ అయి ఉంటుంది. ఎందుకు అని అడగడానికి మనిషి దొరకడు. ఈఎంఐ మాత్రం మనిషిని పంపిస్తుంది.

"రిజ్క్ రాసి ఉంటుంది" అనే పెద్దలకి

రిజ్క్ మీద యఖీన్ నాకూ ఉంది. కానీ తవక్కుల్‌కి ముందు ఒంటె కాలికి తాడు కట్టాలన్న సంగతి మనకి చిన్నప్పుడే నేర్పారు. మనం తాడు సంగతి మర్చిపోయి తవక్కుల్ ఒక్కటే గుర్తుపెట్టుకున్నాం. పైగా ఇది తఖ్దీరా కాదా అని తేల్చడానికి పెద్ద ఇల్మ్ అక్కర్లేదు. మూడు సంగతులు చూద్దాం.

2023 జూలైలో బెంగళూరులోని ఒక ఆన్‌లైన్ వ్యాపార కంపెనీ, కస్టమర్ సపోర్ట్ టీంలో 90 శాతం మందిని తీసేసి చాట్‌బాట్‌ని పెట్టింది. కంపెనీ పేరు చూడండి, దుకాన్. మన జుబాన్ మాటే. దాని అధిపతి ఈ సంగతిని దాచుకోలేదు. ఖర్చు ఎంత తగ్గిందో లెక్కలు వేసి సోషల్ మీడియాలో స్వయంగా రాశాడు. జనం తిట్టారు. తిట్లు రెండు రోజులు నడిచాయి, మిగులు నిలిచిపోయింది.

స్వీడన్‌లో క్లార్నా అనే ఫైనాన్స్ కంపెనీ ఉంది. తమ ఏఐ 700 మంది ఉద్యోగుల పని చేస్తోందని 2024 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చాటుకుంది. 2025కి వచ్చేసరికి అదే కంపెనీ అధిపతి మాట మార్చాడు. ఖర్చు తగ్గించడమే చూసుకున్నాం, నాణ్యత పడిపోయింది, కస్టమర్‌కి మాట్లాడ్డానికి మనిషి ఉండాలి అంటూ మళ్లీ మనుషుల్ని తీసుకోవడానికి బయల్దేరాడు.

2025 జూలైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో దాదాపు 2 శాతం మందిని, అంటే 12 వేలమందికి పైగా, తగ్గించుకుంటామని ప్రకటించింది. దీనికి కారణం ఏఐ కాదని, కొందరి నైపుణ్యాలు కొత్త పనులకి సరిపోవడం లేదని కంపెనీ సీఈఓ చెప్పుకొచ్చాడు. ఒకడు ఏఐ పేరు చెప్పి తీసేస్తాడు. ఇంకొకడు ఏఐ కాదని చెప్పి తీసేస్తాడు. బ్యాగు సర్దుకుని ఇంటికొచ్చేవాడికి ఈ రెంటిలో ఫరక్ ఏముంది?

క్లార్నా ముచ్చటే మళ్లీ చూడండి. తఖ్దీర్ అయితే వెనక్కి తిరగదు. ఇది తిరిగింది. ఒక మనిషి ఫైస్లా చేశాడు, నుక్సాన్ కనబడగానే అదే మనిషి దాన్ని మార్చుకున్నాడు. పిడుగులాగా ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. కుర్సీ మీద కూర్చున్న ఒక మాలిక్ కలం తీసి వేసిన లెక్క. ఇన్సాన్ చేసిన లెక్కని ఇన్సాన్ ప్రశ్నించొచ్చు. అలా ప్రశ్నించకుండా మనల్ని ఆపుతున్నది మెషీన్ తాఖత్ కాదు, మన ఖామోషీ.

నా పని సంగతి

నేను నిజామాబాద్‌లో పదో తరగతి దాకా ఉర్దూ మీడియం చదివాను. డిగ్రీ తెలుగు. ఇంట్లో దక్కనీ, బయట తెలంగాణ తెలుగు, పేపర్లో పుస్తకాల తెలుగు. ఈ మూడు జుబాన్ల మధ్య నడుస్తూనే ఇరవై ఏళ్లుగా రోటీ సంపాదిస్తున్నాను.

నేను పనిచేసిన ఒక డెస్క్‌లో, పేరు ఎందుకులెండి, ఒకప్పుడు తొమ్మిదిమందిమి. ఇంగ్లిష్ వార్తల్ని తెలుగు చేసే మెషీన్ వచ్చాక నలుగురు మిగిలారు. మిగిలినవాళ్ల పని పేరు కూడా మారింది. ఇంతకుముందు రాసేవాళ్లం, ఇప్పుడు "చెక్" చేస్తున్నాం. తొమ్మిదిమంది రాసినంత సరుకు నలుగురు చెక్ చేయాలి. జీతం అంతే.

ఒక రాత్రి కోర్టు వార్త ఒకటి వచ్చింది. తలాక్ పొందిన మహిళ తనకు రావాల్సిన మెహర్ కోసం కోర్టుకి వెళ్లింది. ఇంగ్లిష్‌లో మెహర్ అనే మాట లేదు, దానికి కోర్టు వాళ్లు వాడే ఇంగ్లిష్ మాట ఉంది. మెషీన్ ఆ మాటని తెలుగులో "వరకట్నం" అని రాసింది. వాక్యం చాలా అందంగా ఉంది. వ్యాకరణం దురుస్త్. భర్త నుంచి వరకట్నం ఇప్పించమని భార్య కోర్టుకెక్కిందట!

మెహర్ దూల్హా దుల్హన్‌కి ఇవ్వాల్సింది. అది ఆమె హక్. కట్నం ఆమె మైకా నుంచి గుంజేది. మన ఘరానాల్లో జోడే కీ రఖమ్ పేరుతో అదీ గుంజుతున్నారు, ఆ గునాహ్ గురించి వేరేగా రాశాను, మళ్లీ రాస్తాను. కానీ ఒక ఔరత్ హక్ కోసం చేసిన దావా, ఒక్క మాటతో తలకిందులై పేపర్లోకి ఎక్కబోయింది. ఆ రాత్రి ఆ పేజీ నా దగ్గరికి వచ్చింది కాబట్టి దిద్దాను. నాకు రాకపోతే? పక్క కుర్సీలో కూర్చునే సాథీ ఉండుంటే తనూ పట్టేవాడు. తను ఆ అయిదుగురిలో ఉన్నాడు. సేత్వార్, ఫైసల్ పట్టీ, పహాణీ అంటే ఏమిటో, నిజాం కాలం భూమి కాగితంలో ఏ మాట ఎవరి గొంతు కోస్తుందో తెలిసిన మనిషి. ఇప్పుడు రియల్ ఎస్టేట్ బ్రోషర్లు రాస్తున్నాడు.

మేనేజ్‌మెంట్ నెలాఖరు లెక్కలో "ఆదా అయిన గంటలు" అని ఒక గడి ఉంది. "తలకిందులైన అర్థాలు" అని గడి లేదు. మెషీన్ తప్పు చేయడం నాకు పెద్ద షికాయత్ కాదు. మనుషులూ చేస్తారు. ఆ తప్పు పట్టగలిగినవాళ్లని ముందు పంపించేసి, ఆ తర్వాత మెషీన్ బాగా పనిచేస్తోందని లెక్క చూపిస్తున్నారే, అదీ నా షికాయత్.

కాతిబ్‌లు మనకు చెప్పిన సబఖ్

"పాత పనులు పోతే కొత్త పనులు వస్తాయి, ఎప్పుడూ ఇంతే" అని చెప్పే మేధావులు టీవీల్లో చాలామంది ఉన్నారు. వాళ్లని ఒకసారి హైదరాబాద్ ఛత్తా బజార్‌కి రమ్మనండి.

ఒకప్పుడు ఉర్దూ అఖ్బార్లు అక్షరం అక్షరం కాతిబ్ చేతి రాత. నస్తాలీఖ్ లిపిని అచ్చు దిమ్మల్లో పోయడం కుదరలేదు. అక్షరాలు ఒకదాని భుజం మీద ఒకటి వాలుతూ కిందికి జారుతాయి. అందుకే తెలుగు, ఇంగ్లిష్ పత్రికలు అచ్చు మెషీన్ల మీద పరిగెడుతున్న కాలంలోనూ ఉర్దూ పత్రికలు కలం మీదే నడిచాయి. 1981లో పాకిస్తాన్‌కి చెందిన మిర్జా అహ్మద్ జమీల్, మోనోటైప్ కంపెనీతో కలిసి నూరీ నస్తాలీఖ్‌ని కంప్యూటర్‌లోకి తెచ్చాడు. 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ వచ్చింది. కొన్నేళ్లలోనే కాతిబ్‌ల కుర్సీలు ఖాళీ అయ్యాయి. చెన్నైలో 1927లో మొదలైన 'ది ముసల్మాన్' పత్రిక చేతిరాతని వదలకుండా ఎంతో కాలం నిలబడింది, అందుకే అది దునియాకి వింత అయింది. మిగతా చోట్ల కాతిబ్‌లు షాదీ రుఖాలకి, దుకాణాల బోర్డులకి మళ్లారు. ఆ తర్వాత ఫ్లెక్సీ వచ్చి బోర్డులు కూడా తీసుకుంది.

ఇన్‌పేజ్ వల్ల ఫాయిదా లేదా? ఉంది, చాలా ఉంది. ఉర్దూ కితాబులు చవకయ్యాయి. డీటీపీ దుకాణాలు వెలిశాయి, ఎంతోమంది కుర్రాళ్లకి పని దొరికింది. కొత్త పనులు వచ్చాయనే మాట సచ్. కానీ అవి వచ్చింది పాత చేతులకి కాదు. యాభై ఏళ్ల కాతిబ్ సాబ్‌కి కీబోర్డ్ నేర్పే ఇంతెజామ్ ఎవరూ చేయలేదు. పోయిన ఉద్యోగాలు, వచ్చిన ఉద్యోగాలు కాగితం మీద సరిగ్గా సరిపోతాయి. మనుషులు సరిపోరు. ఒక ఇంట్లో చిరాగ్ ఆరి ఇంకో ఇంట్లో వెలిగితే మొత్తం వెలుతురు అంతే ఉందని లెక్క చెప్పేవాడు, చీకటి ఇంట్లో ఉండేవాడు కాదు.

ఇంకో సంగతి. నూరీ నస్తాలీఖ్ అక్షరాలు మెషీన్ కనిపెట్టినవి కాదు. వేల సంఖ్యలో అక్షర జోడింపుల్ని ఖుష్‌నవీస్ అయిన మిర్జా జమీల్ తన చేత్తో రాశాడు. మెషీన్ ఆ చేతి నుంచి నేర్చుకుంది. ఆయన ఇష్టపడి ఇచ్చాడు, ఆయన పేరు నిలిచింది. ఇవాళ్టి ఏఐ కూడా చేతుల నుంచే నేర్చుకుంది. రాసినవాళ్ల రాతలు, పాడినవాళ్ల గొంతులు, గీసినవాళ్ల బొమ్మలు. తేడా ఏమిటంటే ఇజాజత్ అడగలేదు, పేరు చెప్పలేదు, ఉజ్రత్ ఇవ్వలేదు. ఈ ముచ్చట మీదే 2023 డిసెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్ అమెరికాలో, 2024 నవంబర్‌లో ఏఎన్ఐ ఢిల్లీ హైకోర్టులో ఓపెన్ఏఐ మీద దావా వేశాయి. పెద్ద సంస్థలకి వకీళ్లు ఉన్నారు. జిల్లా పేజీల్లో ఇరవై ఏళ్లు రాసిన విలేకరికి ఎవరున్నారు?

కొత్త బీడీల చాట

నిజామాబాద్‌లో పెరిగినవాడికి బీడీల చాట అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. మా గల్లీలో ఖాలాలు, ఆపాలు, పక్క గల్లీలో అక్కలు, వదినలు, అందరి ఒళ్లోనూ అదే చాట. తునికాకు, తంబాకు, దారం. ఇంట్లో కూర్చుని చేసే పని, వెయ్యికి ఇంత అని కూలీ. సాయంత్రం తీసుకెళ్లి ఇస్తే బాగాలేవని కొన్ని పక్కకి తీసేసేవాళ్లు. ఆకు తక్కువిచ్చి బీడీలు పూర్తిగా అడిగేవాళ్లు. ఎదురు మాట్లాడితే రేపు ఆకు దొరకదు.

ఇప్పుడు ఏఐ వెనకాల అలాంటి చాట ఒకటి ఉంది. మెషీన్ తనంతట తాను తెలివైంది కాలేదు. ఫోటోలో ఇది కారు, ఇది మనిషి అని గీతలు గీసేవాళ్లు, ఆడియో విని మాటలు రాసేవాళ్లు, బూతులు, హింస ఏరిపారేసేవాళ్లు లక్షలమంది ఉన్నారు. కెన్యాలో ఓపెన్ఏఐ కోసం ఇలాంటి గలీజు రాతలు చదివి వేరుచేసిన పనివాళ్లకి గంటకి 2 డాలర్ల కన్నా తక్కువ పడిందని 2023 జనవరిలో టైమ్ పత్రిక బయటపెట్టింది. మన దేశంలోనూ ఈ పని ఉంది. నవాబ్ వాజిద్ అలీ షా లఖ్‌నవూ పోగొట్టుకుని కాలం వెళ్లదీసిన కోల్‌కతా మటియాబుర్జ్‌లో ముస్లిం ఆడపిల్లలు కూర్చుని ఫోటోలకి గుర్తులు పెట్టే సెంటర్ ఉంది.

పని చెడ్డదని నేను అనను. పర్దా వల్లో, ఇంటి పెద్దల మాట వల్లో బయటికి వెళ్లలేని పిల్లకి నాలుగు రూపాయలు వస్తే మంచిదే. నా మాటల్లా షరతుల గురించి. బీడీ కార్మికుల కోసం 1966లో చట్టం వచ్చింది. ఇంట్లో కూర్చుని చేసేవాళ్లు కూడా కార్మికులే అని అది ఒప్పుకుంది. బీడీలు పక్కకి తీసేస్తే, ఆ తకరార్‌ని ఒక అధికారి ముందు పెట్టే దారి ఇచ్చింది. పీఎఫ్ వచ్చింది. తెలంగాణ వచ్చాక ఆసరా పింఛన్ల జాబితాలో బీడీ కార్మికులు చేరారు. ఇవేవీ సేఠ్‌లు రహమ్ తలచి ఇచ్చినవి కాదు. చాట పక్కన పెట్టి రోడ్డెక్కిన ఆడవాళ్లు తెచ్చుకున్నవి. ఇవాళ స్క్రీన్ ముందు కూర్చున్న వాళ్ల మనవరాలు వంద ఫోటోలకి గుర్తులు పెడితే, ముప్పై నామంజూర్ అని మెషీన్ చెబుతుంది. ఎందుకు అని ఎవర్ని అడగాలి? నానీకి ఉన్న హక్ నవాసీకి లేదు. దీన్ని తరఖ్ఖీ అంటున్నారు.

తప్పు ఎవరిది?

కెనడాలో ఒక ప్రయాణికుడు తన గ్రాండ్‌మదర్ చనిపోతే ఊరికి వెళ్లడానికి ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లో చాట్‌బాట్‌ని అడిగాడు. ముందు టికెట్ కొనుక్కో, తగ్గింపు తర్వాత అడగొచ్చు అని అది చెప్పింది. తర్వాత అడిగితే కంపెనీ కుదరదంది. కేసు వేస్తే కంపెనీ ఏం వాదించిందో తెలుసా? చాట్‌బాట్ తన పనులకి తానే జిమ్మేదార్ అని. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్ ఆ వాదనని కొట్టేసి, నష్టం కంపెనీయే కట్టాలని చెప్పింది. లాభం వస్తే మెషీన్ మాది, తప్పు జరిగితే మెషీన్‌ది! ఈ చాలాకీ రేపు మన బ్యాంకులో, ఇన్సూరెన్స్ ఆఫీసులో, హాస్పిటల్ కౌంటర్లో కూడా వినబడుతుంది.

సర్కార్ దఫ్తర్లో అయితే మనం ఎప్పుడో చూశాం. తెలంగాణలో కంప్యూటర్ లెక్కల ఆధారంగా ఇంటికి వచ్చి చూడకుండానే లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. 2016 నుంచి తీసేసిన దాదాపు 19 లక్షల కార్డుల్ని మళ్లీ ఇల్లిల్లూ తిరిగి పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. కారు లేనివాడు తనకు కారు లేదని సుబూత్ చూపించుకోవాలి. ఉన్నదానికి కాగితం ఉంటుంది, లేనిదానికి ఏ కాగితం తేవాలి? మెషీన్ తప్పు చేస్తే దాని బోజా ఎప్పుడూ గరీబ్ నెత్తినే పడుతుంది. మనిషి జవాబ్‌దార్‌గా ఉండాలని చట్టంలో రాయించుకోకపోతే రేపు ఉద్యోగంలో కూడా ఇదే.

మరి చేయాల్సింది?

ముందు మన ఇళ్లు. "ఏఐ వచ్చింది కదా, డిగ్రీ దేనికి, బేటీకి నికా చేసేద్దాం" అనే మాట నేను నా చెవులతో విన్నాను. భయాన్ని బహానా చేసుకుని ఆడపిల్ల చదువు ఆపకండి. మెషీన్ చెప్పినదాంట్లో గలత్ పట్టుకోగలిగేది చదువుకున్న పిల్లే. మన పిల్లలకి ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ మూడూ వస్తే అది మెషీన్‌కి ఇంకా చేతకాని చోట నిలబడే తాఖత్. మెహర్‌కీ కట్నానికీ తేడా తెలిసిన బుర్ర కావాలి. మూడు నెలల కోర్సు అమ్మడానికి వచ్చినవాణ్ణి మాత్రం మూడు అడగండి. నేర్పే ఉస్తాద్ ఇంతకుముందు ఎక్కడ పనిచేశాడు? పోయిన బ్యాచ్ పిల్లలు ఎక్కడ చేరారు, వాళ్ల అబ్బాలతో మాట్లాడిస్తావా? పని దొరక్కపోతే ఫీజు వాపస్ ఇస్తావా? జవాబు రాకపోతే ఖుదా హాఫిజ్ చెప్పి వచ్చేయండి.

తర్వాత మన సేఠ్‌లు. మాలిక్ అంటే ఎప్పుడూ బయటివాడేనా? హోటళ్లు, హాస్పిటళ్లు, ట్రావెల్ ఏజెన్సీలు, స్కూళ్లు, ముత్యాల దుకాణాలు నడిపే సాహెబ్‌లు మన ఖౌమ్‌లో లేరా? జల్సాలకి చందా ఇస్తారు, రంజాన్‌లో ఇఫ్తార్ ఇస్తారు, షుక్రియా. కానీ పదిహేనేళ్లుగా హిసాబ్ రాస్తున్న మున్షీని సాఫ్ట్‌వేర్ కొన్న రోజే పంపించేయకండి. ముందు ఆ సాఫ్ట్‌వేర్ ఆయనకే నేర్పించండి. మిగిలినదాంట్లో ఆయనకీ హిస్సా ఇవ్వండి. పనివాడి చెమట ఆరకముందే ఉజ్రత్ చెల్లించాలని వింటూ పెరిగినవాళ్లం. చెమట పట్టని మెషీన్ తెచ్చుకుంటే ఆ జిమ్మేదారీ తీరిపోయిందని అనుకోవద్దు.

మూడోది జట్టు. 2023లో హాలీవుడ్ రచయితలు 148 రోజులు సమ్మె చేశారు. ఏఐని వాడమని రచయితని కంపెనీ బలవంతం చేయకూడదని ఒప్పందంలో రాయించుకున్నారు. వాళ్లు మెషీన్‌ని పగలగొట్టలేదు. షరతు పెట్టారు. మన దగ్గర రాజస్థాన్ 2023లోనే యాప్‌ల మీద పనిచేసేవాళ్ల కోసం చట్టం చేసింది. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బయటపెట్టింది. ఆ ముసాయిదా గురించి మన మొహల్లాలో ఎంతమంది డ్రైవర్లకి తెలుసు? కమ్యూనిటీ హాళ్లు ఉన్నాయి, మసీదు కమిటీలు ఉన్నాయి. ఒక్క ఇత్వార్ పొద్దున డ్రైవర్లని, కాల్ సెంటర్ పిల్లల్ని, డీటీపీవాళ్లని కూర్చోబెట్టి ఒక వకీల్‌తో చదివించలేమా?

చివరిది, ఓటు అడగడానికి వచ్చే లీడర్లు. షాదీఖానా కట్టిస్తామంటారు. కట్టించండి. దాంతోపాటు మూడు మాటలు కాగితం మీద రాసివ్వమనండి. మెషీన్ చెప్పిందని ఎవరి పని, రేషన్, పింఛన్ తీసేసినా, మనిషి ముందు నిలబడి అడిగే హక్ ఉండాలి. ఏఐ వల్ల ఉద్యోగాలు తగ్గించే కంపెనీ ముందుగా చెప్పాలి, కొత్త పని నేర్పే ఖర్చు భరించాలి. ఇంట్లో కూర్చుని మెషీన్‌కి మేత వేసే ఆడపిల్లని కార్మికురాలిగా గుర్తించాలి.

మీ దుకాణంలోనో ఆఫీసులోనో "ఏఐ వచ్చింది, ఇక నీ జరూరత్ లేదు" అని ఎవరైనా అంటే తల దించుకుని వచ్చేయకండి. "ఏఐ రాలేదు సాబ్, మీరు తెచ్చారు. ఎంత మిగిలింది, అందులో నా హిస్సా ఎంత?" అని అడగండి. పక్కన నలుగురు ఉన్నప్పుడు, అందరికీ వినబడేలా అడగండి.